భిన్నంలో ఇమడని గీత

1884 జనవరిలో రాజమహేంద్రవరంలోని ఒక మిషను బాలికల పాఠశాలలో రెండవ ఉపాధ్యాయినిగా చేరాను. లెక్కలు నా వంతు. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. కాలువ లాకు దగ్గర గుమాస్తాగా ఉన్న మా నాన్నగారు, నీటిమట్టం కొలిచే గేజి పలక చూపించి ఇంటి దగ్గరే నేర్పారు. ఆ భాగ్యానికి దేవుణ్ని రోజూ స్తుతిస్తాను.

పిల్లలకు నేనూ అలాగే చెప్పేదాన్ని. నల్లబల్ల మీద గేజి పలకలా నిలువుగీత గీసి నడుమ సున్నా పెడతాను. పైన ఒకటి, రెండు, మూడు, అంటే లెక్కపెట్టే సంఖ్యలు. దిగువన రుణసంఖ్యలు. సున్నాతో సహా అన్నీ కలిస్తే పూర్ణసంఖ్యలు. వాటి సందుల్లో పావు, అర, ముప్పావు వంటి భిన్నాలు. మూడుకు ఒకటి హారంగా పెట్టవచ్చు గనుక పూర్ణసంఖ్యలు కూడా భిన్నాల కుటుంబంలోవే. "ఈ గీత మీద ఎక్కడ వేలు పెట్టినా ఒక భిన్నం ఉంటుంది" అని ముగించేదాన్ని. ఆ చివరి మాట తప్పని అప్పటికి నాకు తెలియదు.

పై తరగతిలో సువార్త అనే పిల్ల ఉండేది. తల్లిదండ్రులు పొలం కూలీలు. ఏడాది పరీక్షలో నెగ్గితే ఉపాధ్యాయినుల శిక్షణ తరగతిలో చోటు, తప్పితే తల్లితోపాటు నాట్లలోకి. ఆ పరీక్షలో, అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పలకకు మూల నుంచి ఎదురు మూలకు పొడవెంతో భిన్నంగా రాయమని అడిగాను. వడ్రంగులు వాడే పన్నెండింట పదిహేడు నా జవాబు. "దీనికి భిన్నం లేదు" అని సువార్త రాసింది. సున్నా వేశాను. దానితో ఆమె తప్పింది.

కాగితాలు పిల్లలకు చూపించినప్పుడు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అమ్మగారూ, మూల గీత వర్గం రెండు కావాలి కదండీ. పదిహేడు వర్గం రెండొందల ఎనభై తొమ్మిదండి. పన్నెండు వర్గానికి రెట్టింపు రెండొందల ఎనభై ఎనిమిదే. ఒకటి ఎక్కువొచ్చిందండి."

"ఇంకో భిన్నం వెతక్కపోయావా?"

"వెతికానండి. ఏది వేసినా కాస్త ఎక్కువో, కాస్త తక్కువో."

"అయితే ఆ గీతే లేదంటావా ఏంటి?"

"గీత ఉందండి. భిన్నమే లేదు."

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాగితం తీసుకుని కూర్చున్నాను. ఇక కుదించలేని భిన్నం ఒకటి ఉందనుకున్నాను. లవం వర్గం హారం వర్గానికి రెట్టింపు కాబట్టి లవం సరిసంఖ్య. అప్పుడు లవం వర్గం నాలుగుతో తెగుతుంది, అందులో సగమైన హారం వర్గమూ సరిసంఖ్యే, కాబట్టి హారమూ సరిసంఖ్యే కావాలి. రెండూ సరిసంఖ్యలైతే ఇంకా కుదించవచ్చు. మొదట అనుకున్నదే నిలవలేదు.

రిజిస్టరులోకి ఎక్కిన మార్కు మార్చాలంటే కారణం రాసి సంతకం చేయాలి. "ప్రశ్న తప్పు, పిల్ల జవాబు ఒప్పు" అని రాసి ప్రధానోపాధ్యాయిని దొరసానిగారి ముందు పెట్టాను.

"మీకు చిన్నతనం కాదా అండీ?" అన్నారావిడ.

"దేవుడికి ఇప్పటికే తెలిసిపోయిందండి. ఇక మీ దగ్గర దాచి ఏం లాభం?" అన్నాను.

ఆవిడ నవ్వి సంతకం చేశారు. భిన్నాలుగా రాయలేని అటువంటి సంఖ్యలు అనేకం ఉన్నాయని తన పుస్తకం తెరిచి చూపించారు. వాటికీ గీత మీద చోటుంది. భిన్నాలూ అవీ కలిస్తేనే గీత నిండుతుంది. ఆ మొత్తమే వాస్తవ సంఖ్యలు.

సువార్త శిక్షణకు వెళ్లింది. ఆ పిల్లను నా తరగతికి పంపినందుకు నేటికీ కృతజ్ఞురాలిని. తర్వాత నేను కొలువులో ఉన్నన్నాళ్లూ, జవాబు నా కాగితంతో కలవకపోతే సున్నా వేసే ముందు ఆ లెక్క మళ్లీ చేశాను. చాలాసార్లు పిల్లలదే తప్పు. కొన్నిసార్లు నాది.