ఉప్పుతోళ్ల మీద ఎర్రమచ్చలు

మా నాయన ముక్కూ, ఆయన అనుమానమూ రెండూ నాకే వచ్చాయని అమ్మ అనేది. ముక్కు సంగతి ఒప్పుకోను గానీ రెండోది నిజమే. కూరగాయలామె తక్కెడ ఎత్తితే ముల్లు వైపు కాకుండా ఆమె వేళ్ల వైపు చూసే మనిషిని నేను.

తొంభైల్లో మాకు ఉదయగిరిలో తోళ్ల కొట్టు ఉండేది. మర్రిపాడు వైపు నుంచి వచ్చే మేక తోళ్లకు ఉప్పు పట్టించి, దొంతర్లు పేర్చి, లారీ వచ్చినప్పుడు పంపించేవాళ్లం. ఉప్పు పట్టించేది మామ. అమ్మకు వరసకు అన్న. నాయనా ఆయనా చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. తోళ్ల మీది ఉప్పును దులిపి, గోనెసంచికెత్తి, తర్వాత వచ్చే తోళ్లకు మళ్లీ వాడటం మా కొట్టు పద్ధతి. "పాత ఉప్పు వద్దు బావా" అని మామ అప్పుడప్పుడూ గొణిగేవాడు. "ఉప్పు కుళ్లిపోతాదా ఏంది?" అని నాయన కొట్టిపారేసేవాడు.

ఒక ఎండాకాలం, నాలుగు చినుకులు పడి ఉక్కపోస్తున్న రోజుల్లో దొంతర విప్పితే, తోళ్ల మీద జిగటగా ఎర్రటి మచ్చలు. నాయన వేలితో గీకి వాసన చూశాడు.

"ఎవురో ఏందో కలిపినారు" అన్నాడు.

ఆ ఎవరో ఎవరని అడగాల్సిన పనిలేకపోయింది. అంతకు వారం ముందే మామ ఆత్మకూరు బస్టాండులో మా పోటీ వ్యాపారితో టీ తాగుతున్నాడని ఎవరో మోసుకొచ్చారు. నేనూ నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, పోయిన నెల మామ కాళ్లకు కొత్త చెప్పులు కనబడ్డ సంగతి నాయనకు గుర్తుచేసింది నేనే.

మామ తన పంచె అంచు పట్టుకుని చూపించాడు. "రంగు కలిపినానంటావా బావా? నిన్న ఇదే ఎరుపు నా పంచెకు అంటుకునింది. చెంబుడు మంచినీళ్లు పోసినాను, పోయింది. రంగయితే పోతాదా?"

నాయన పంచె వైపు చూడనే లేదు, మామ మొహంలోకే అనుమానంగా చూస్తున్నాడు. "పాప కాలేజీలో మిషన్ కింద పెట్టి చూస్తాదిలే. అప్పుడు తేలుతాది."

పాపను నేనే. అప్పటికి ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. మచ్చలున్న చోట ఉప్పు గీకి, మందుసీసాలో వేసుకుని పొద్దున్నే బస్సెక్కాను. ల్యాబులో స్లైడ్ మీద చిటికెడు పెట్టి, పిల్లలకు నేర్పే పద్ధతిలోనే ఒక చుక్క మంచినీళ్లు వేసి, గాజుబిళ్ల కప్పి మైక్రోస్కోపులో చూశాను. ఏమీ లేదు. ఇంకో స్లైడ్ పెట్టాను. అదీ శుభ్రంగా ఉంది. ఆ క్షణంలో నాకు సంతోషం వేసిందని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నా అనుమానం నెగ్గింది మరి.

"క్రిమీ లేదు, ఏమీ లేదు నాయనా" అన్నాను.

"అయితే రంగే" అన్నాడు. మర్నాడు మామను కొట్టుకు రావద్దన్నాడు.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుంది, అంటే ప్రభువు పేరున అందరూ రొట్టె పంచుకోవడం. రొట్టె పళ్లెం చేతికొచ్చేలోపు, మనసులో పగ పెట్టుకున్నవాళ్లు ఒకరికొకరు చెయ్యి కలపాలి. కలపకుండా రొట్టె ముట్టకూడదు. మామ లేచి వచ్చి నాయన ముందు చెయ్యి చాపాడు. నాయన పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. పళ్లెం వచ్చినప్పుడు మామ రొట్టె తీసుకోకుండా పక్కకు ఇచ్చేశాడు. నాయన తీసుకున్నాడు. ఆడవాళ్ల వైపు నేనూ తీసుకున్నాను.

ఆ తర్వాత మామ చర్చికి రాలేదు. ఉదయగిరిలో ఆయనకు తోళ్ల పని ఇంకెవరూ ఇవ్వలేదు. మర్రిపాడులో లారీలకు మూటలెత్తుతున్నాడని విన్నాం.

ఏడాది తిరిగాక కాలేజీకి ఒక కొత్త పుస్తకం వచ్చింది. అందులో ఆర్కియా అనే జీవుల గురించి నాలుగు పేజీలున్నాయి. మరిగే ఊటల్లో, ఉప్పు మడుగుల్లో బతుకుతాయట. చూపుకు బాక్టీరియాలా ఉన్నా ఆ జాతి కాదట. నాకు నమ్మబుద్ధి కాలేదు, తప్పులు పట్టడానికే చదివాను. ఉప్పులో బతికే రకం ఎర్రగా ఉంటుందనీ, ఉప్పు పట్టించిన తోళ్లను పాడుచేస్తుందనీ రాశారు. దానికి బాక్టీరియాకున్నట్టు గట్టి గోడ ఉండదు. ప్రోటీన్ ముక్కలు బండలు పరిచినట్టు ఒకదాని పక్కన ఒకటి చేరి పైపొరగా ఏర్పడతాయి. ఆ పొరను పట్టి ఉంచేది చుట్టూ ఉన్న ఉప్పే. మంచినీళ్లు తగిలితే పొర ఊడిపోయి, కణం పగిలి కరిగిపోతుంది. ఆ చివరి వాక్యం మూడుసార్లు చదివాను.

మందుసీసా ల్యాబు బీరువాలోనే ఉంది. ఈసారి చిక్కటి ఉప్పునీళ్లు కలిపి ఆ చుక్క వేశాను. సన్నటి పుల్లల్లాంటివి, ఎన్నో ఉన్నాయి. గాజుబిళ్ల అంచున ఒక చుక్క మంచినీళ్లు వదిలాను. పుల్లలు ఉబ్బి గుండ్రంగా అయ్యాయి. కాసేపటికి ఒక్కటీ లేదు. స్లైడ్ అచ్చం ఆనాటిలాగే శుభ్రంగా ఉంది.

నాయనకు చెప్పాను. దులిపిన ఉప్పులో నుంచే అవి కొత్త తోళ్లకు పాకి ఉంటాయని కూడా చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇది ఎవురు చెప్పమన్నారు నీకు? వాడు కలిసినాడా?"

"నేనే చూసినాను నాయనా."

"అప్పుడూ నువ్వే చూసినావు. నీ మాటమీదనే గదా వాణ్ణి పంపించింది. ఈ మాట బయట అనబాకు."



ఆ వారమే మర్రిపాడు వెళ్లాను. మామ లారీ నీడన కూర్చుని ఉన్నాడు. పొర గురించి, ఉప్పు గురించి, నేను వేసిన నీళ్ల చుక్క గురించి అంతా చెప్పి, తప్పు నాదే అన్నాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"అంటే మంచినీళ్లు తగిలితే అది ఉండదంటావు."

"అవును మామా."

"అది నేను ఆ పొద్దే చెప్పినాను గదమ్మా. పంచె చూపించినాను. నువ్వు ఆడనే ఉండావు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తర్వాతి నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం నా చేతికొచ్చింది. తీసుకోకుండా పక్కావిడకు ఇచ్చేశాను. మగవాళ్ల బెంచీల్లో నుంచి నాయన తల తిప్పి నన్ను చూశాడు. ఆ రోజు కొట్లో మామను చూసినట్టే చూశాడు.