రంగు దిగేదాకా కదలని మనిషి

మా పెద్దమ్మాయికి మొన్న కూతురు పుట్టింది. ఆ సంతోషం నాలో దాచుకోలేక, మా అమ్మాయిని చూసే కంటి డాక్టర్ గారికి నా నోటితోనే చెప్పాలని రావులపాలెంలో ఎర్ర బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాను. ఆసుపత్రి తలుపులు మూసి ఉన్నాయి. ఎదుట కిళ్ళీకొట్టతను, “డాక్టర్ గారు పోయారండి, గుండెపోటు,” అన్నాడు. అక్కడే అరుగు మీద కూర్చున్నాను. మనవరాలు పుట్టినందుకు పొంగిపోవాలో, ఆ మహానుభావుడు పోయినందుకు ఏడవాలో నాకు తెలియలేదు.

నేను అరటి గెలల వ్యాపారిని, అయిదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఏదో రాస్తున్నాను, చదివేవారు మన్నించాలి.

మా పెద్దమ్మాయిని నరసాపురం ఇచ్చాం. అక్కడి ఆడవాళ్ళలాగే లేసు అల్లేది. రెండేళ్ళ కిందట దారం కనపడటం లేదనడం మొదలుపెట్టింది, తరువాత మనుషుల మొహాలు మసకబారాయి. డాక్టర్ గారు చూసి, చేతి నరంలోకి పసుపురంగు మందు ఎక్కించి కంటి వెనక పొరను ఫోటోలు తీయాలన్నారు. అంతకుముందు ఎన్ని అడిగారో. ఆయాసం ఉందా, రొయ్యలు తింటే దద్దుర్లు లేస్తాయా, ఏ ఇంజెక్షనైనా పడలేదా అని. రంగు ఎక్కించేటప్పుడు పక్కనే విరుగుడు మందుతో ఇంకో సిరంజి నింపి ఉంచుకున్నారు, నూటికో కోటికో ఒకరికి ఊపిరి బిగుస్తుందట. ఫోటోలు అయిపోయినా నాడి మీంచి వేళ్ళు తీయలేదు.

“పరీక్ష మళ్ళీ చేసుకోవచ్చండి, మనిషిని మళ్ళీ తేలేం” అనేవారాయన.

అమ్మాయికి వాంతి వచ్చినట్టయి తగ్గింది. ఇంకాసేపటికి ఒళ్ళంతా పచ్చబడింది. అలా అవుతుందని ఆయన ముందే చెప్పారు, రంగు దిగేదాకా ఇంటికి పంపననీ చెప్పారు. అంతకుముందు ఇదే పరీక్షకి లంక గ్రామం నుంచి వచ్చినామె పచ్చగా ఇంటికెళితే, చూసి ఇంటివాళ్ళు కామెర్లనుకుని చేతి మీద వాత పెట్టించారట. అది చీము పట్టి ఆమె నెల్లాళ్ళు బాధపడింది. అప్పటినుంచి వరండాలో మంచాలు వేయించి అందరినీ ఉంచేసేవారు.

పిల్ల పచ్చబడిందన్న కబురు విని సాయంత్రం మా ఆవిడ వచ్చి చూసి గొల్లుమంది. “ఏంటండీ ఇది? కళ్ళు చూడమని తెస్తే కామెర్లు తెప్పించారా?” అని డాక్టర్ గారినే నిలదీసింది. చెంగు చాటున పసరు మందు సీసా కూడా తెచ్చుకుంది.

ఆయన కోప్పడలేదు. “అది నేను వేసిన రంగేనమ్మా. రేపటికల్లా మీ అమ్మాయి రంగు మీకిచ్చేస్తాను. ఆ సీసా మాత్రం ఇటివ్వండి,” అన్నారు.

మా ఆవిడ ఇవ్వలేదు. ఆయన కుర్చీ తెప్పించుకుని మంచం పక్కనే కూర్చుని, లేసు పని ఎలా చేస్తారో అమ్మాయినడిగి చెప్పించుకున్నారు. తెల్లారేసరికి మొహం మామూలుగా అయింది. మా ఆవిడ సీసా తనంతట తనే మురిక్కాలవలో ఒంపి వచ్చింది.

ఫోటోల రీలు కడిగాక నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. “బాబాయ్ గారూ, రెండు కళ్ళలోనూ పొర పాడైంది. పోయిన చూపు రాదు. ఉన్నది కూడా నిలబెట్టలేను,” అన్నారు. మద్రాసు తీసుకెళ్ళమంటారా అంటే, తీసుకెళ్ళండి, నేనే రాసిస్తాను, కానీ ఆశ పెట్టుకుని పొలం అమ్మకండి అన్నారు. వెళ్ళాం. అక్కడా అదే మాట. అయినా ప్రతి నెలా అమ్మాయిని చూసేవారు, చేయగలిగింది లేదని తెలిసి కూడా. ఇక అలా చూసేవారెవరు?

రాజమండ్రి నుంచి తిరిగొచ్చి, డాక్టర్ గారు పోయారని అమ్మాయికి చెప్పాను. పసిపిల్లకి పాలిస్తోంది. మొహం కిటికీ వైపు తిప్పి, “నాన్నా, తెల్లారిందా?” అంది.

మిట్టమధ్యాహ్నం ఎండ దాని ఒళ్ళోనే పడి ఉంది.