సున్నం కింద గోడ

పల్నాడులో ఒక ఇంటికి ఫొటోలు తీసేవాడు వస్తున్నాడంటే, అతని కంటే ముందు సున్నం వస్తుంది. పెళ్లి కావచ్చు, ఓణీల వేడుక కావచ్చు, మంచాన పడ్డ పెద్దవారికి మంచి ఫొటో ఒకటి ఉండాలన్న తాపత్రయం కావచ్చు. మాసిన గోడ ముందు కెమెరాకు నిలబడడం ఇక్కడివారికి చిరిగిన బట్టతో నలుగురిలోకి రావడం వంటిది. ఈ అలవాటును నేను చాలాకాలం ముచ్చటగానే చూశాను. ఇప్పుడు చూడలేను.

నేను ఏ స్టూడియోకూ కట్టుబడినవాణ్ణి కాను. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఎవరు పిలిస్తే వారి పనికి వెళ్తాను. పెళ్లిపందిట్లో తీసిన కెమెరాతోనే మర్నాడు లారీ కింద నలిగిన మోటారు సైకిల్‌ను తీశాను. ఆ మరుసటి వారం కల్లంలో వానకు తడిసి బూజు పట్టిన మిరపకాయలను తీశాను. ప్రతి పనికీ మూడు సంగతులు రాసి పెట్టుకోవడం నాకు మొదటి నుంచీ నియమం: ఎవరు పిలిచారు, ఏం తీశాను, ఆ ఫొటోను ఎవరు చూస్తారు. మూడోదే ముఖ్యం. పెళ్లి ఫొటోను చుట్టాలు చూస్తారు, తడిసిన మిర్చిని బీమావాళ్లు చూస్తారు. చూసేవాడు మారితే నేను నిలబడే చోటు మారాలి. ఈ వృత్తి నాకు నేర్పిన పాఠాల్లో ఇంతకు మించినది లేదు.

నిరుడు వేసవిలో గురజాల వైపు ఒక ఊరి నుంచి పిలుపు వచ్చింది. ఊరి పక్కనే సున్నపురాయి క్వారీ ఉంది. తిరునాళ్లకు ముందు ఆ క్వారీవాళ్లు ఇంటింటికీ సున్నం ఊరికే పంచారట. సున్నం వేసుకున్న ప్రతి ఇంటినీ, ఇంటివారితో సహా, లోపలా బయటా ఫొటో తీయాలి. పిలిచినవాడు ఆ ఊరి కుర్రవాడే, క్వారీ ఆఫీసులో పని. ఫొటోలు ఎవరు చూస్తారని ఫోనులోనే అడిగాను.

“ఎవరు చూస్తారు బాబాయ్, రికార్డు కోసం!” అన్నాడు.

ఆ మాటనే రాసుకుని వెళ్లాను.

ఊరంతా తెల్లగా ఉంది. మధ్యాహ్నపు ఎండలో ఆ గోడలను చూస్తే కళ్లు నొప్పి పుట్టాయి. సందుల్లో పచ్చి సున్నం వాసన. అయినా జనంలో తిరునాళ్ల సందడి కనిపించలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి క్వారీ వైపు చెవి పెట్టేవారు. అది అక్కడివారి అలవాటని మాత్రమే అనుకున్నాను.

వీధి చివరి ఇంట్లో ఒక ముసలి దంపతులు ఉన్నారు. నాపరాళ్లను మట్టితో పేర్చి కట్టిన గోడలు, పైన కూడా నాపబండలే పరిచిన కప్పు. భర్తకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఆయన నులక మంచం వెనుక గోడకు ఆనించి ఉంది. భార్య కొత్త చీర కట్టుకుని, నా కోసమే కాచుకుని ఉన్నది.

“తమ్ముడూ, మీ బావ గూడా సక్కంగా పడేట్టు తియ్యి. రేపు దండెయ్యాలంటే ఆధార్ కార్డు ఫొటో తప్ప ఇంకోటి లేదు. అందులో దొంగోడల్లే ఉంటాడు.”

మంచం మీద నుంచి మాట ముద్దగా వచ్చింది: “నీ దాంట్లో నువ్వు... పోలీసోడల్లే ఉంటావు.”

“అందుకే గదా నిన్ను ఇన్నేళ్లు పట్టుకునున్నా!”

అందరం నవ్వాము. వెలుతురు చూసుకోవడానికి నేను వెనుక గోడ మీద చెయ్యి వేశాను. గోడంతా పొడిగా ఉన్నా, మంచం తలవైపు ఒక పట్టీ మేర మాత్రం చల్లగా, తడిగా తగిలింది.

“ఇక్కడ ఏమన్నా పగులుందా అక్కా?”

“లేకేం! చెయ్యి దూరేంత బీట. క్వారీలో మందు పేల్చినప్పుడల్లా ఇంకాస్త ఎడం అవుద్ది. ఫొటోలాయన వస్తన్నాడని చెప్పారుగా, సిమెంటు మెత్తి, పైన సున్నం రెండు పూతలు కొట్టా. ఏదీ, నువ్వు చెప్పు, ఎక్కడన్నా ఆనవాలు కనపడతందా?”

ఆమె ముఖంలో గెలిచిన సంతోషం. ఆనాడు ఉదయం నుంచి నేను తీసిన ఇళ్లన్నీ కళ్ల ముందు తిరిగాయి.

“ఏమయ్యా, ఎవరి రికార్డు ఇది?” అని పొద్దుటి నుంచీ నా వెంట ఇంటింటికీ తిరుగుతున్న క్వారీ కుర్రవాణ్ణి అడిగాను.

“అయన్నీ మనకెందుకు బాబాయ్. క్వారీ ఇటేపు పెంచుతన్నారు. ఇయ్యాల్టికి ఇళ్లన్నీ బాగున్నాయని ఒక ఫైలు ఉండాల. రేపెవుడన్నా గోడ పగిలిందని వస్తే చూపిచ్చేదానికి.”

నేను మంచం పక్కకు జరిగాను. గుమ్మంలోంచి ఎండ గోడ వెంబడి ఏటవాలుగా పడుతోంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏ గోడైనా అద్దంలా వస్తుంది. పక్క వెలుతురు మెత్తిన చోటును దాచనివ్వదు.

“పక్క నుంచి తీయమాక బాబాయ్. ఎదర నిలబడి ఫ్లాష్ కొట్టు. తెల్లగా రావాల.”

“నలభై ఇళ్లున్న ఊరిని అబద్ధం ఆడించడానికి నా ఫ్లాష్ కావాల్సి వచ్చిందా నీకు?” అన్నాను. నా గొంతు లేచింది.

అప్పుడే క్వారీలో పేలుడుకు ముందు మోగే సైరన్ వినిపించింది. అందరూ మాట ఆపారు. ఆమె ఏ కంగారూ లేకుండా గూటి దగ్గరకు వెళ్లి, స్టీలు గ్లాసుల మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. వంటింట్లో పాల పొంగును కనిపెట్టుకున్నంత మామూలుగా చేసింది ఆ పని. ఆయన కళ్లు మూసుకున్నాడు.

ముందు నేల కదిలింది, తరువాత చప్పుడు వచ్చింది. మంచం తలవైపు కొత్త సున్నం సన్నటి గీతగా చీలింది. గీత పై నుంచి కిందికి నడిచింది. ఒక పెచ్చు ఊడి ఆయన దిండు మీద, చెవి పక్కన పడింది. నా వేలు అప్పటికే షట్టరు నొక్కింది.

“అది తీసెయ్ బాబాయ్,” అన్నాడు కుర్రవాడు. “మళ్లీ సున్నం కొట్టిచ్చి రేపు తీద్దాం.”

“ముందు మంచం పట్టు.”

ఇద్దరం ఆయనను మంచంతో సహా బయట రేకుల పంచలోకి చేర్చాము. దించిన తరువాత అడిగాను: “మీ ఇల్లెక్కడ?”

“పక్క బజారే.”

“మీ అమ్మ కూడా సున్నం వేసిందా?”

అతడు పక్క బజారు వైపు చూసి, ఫోను తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

నేను ఆ ఊరి ఫొటోలు ఒక్కటీ క్వారీకి ఇవ్వలేదు. పగిలిన గోడ ఫొటో జతచేసి, జరిగింది జరిగినట్టు అర్జీ రాసి తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. కొద్ది రోజులకు పిలిచి ఒక ఫైలు చూపించారు. అందులో క్వారీవాళ్లు వేరొకరితో తీయించిన ఫొటోలు. అన్నీ ఎదురు నుంచి, ఫ్లాష్‌తో. ఆ ఇంటి గోడ కూడా ఉంది, ఏ మచ్చా లేకుండా. నా ఫొటోలో ఊడింది సున్నం పెచ్చు మాత్రమేనని, పగిలింది గోడ కాదని అన్నారు. కళ్లారా చూసింది అబద్ధం, ఫైలులో ఉన్నది నిజం! ఇంతటి అన్యాయాన్ని అంత మర్యాదగా చెప్పగలరని నాకు అంతవరకు తెలియదు.

మంచి ఫొటో ఇస్తానని ఆ రోజే ఆమెకు మాట ఇచ్చాను గనుక, మంచం దించాక పంచలోనే తీసిన దంపతుల ఫొటో పటం కట్టించి తీసుకువెళ్లాను. ఆమె పైటచెంగుతో అద్దం తుడిచి, చాలాసేపు చూసింది.

“ఇందులో దొంగ లేడు, పోలీసు లేడు,” అని నవ్వింది. గోడకు తగిలించలేదు. “మేకు కొట్టాలంటే బయంగా ఉంది తమ్ముడూ,” అని ఇంకా పంచలోనే పడుకుంటున్న ఆయన తలగడ కిందనే పెట్టింది.

లోపలికి వెళ్లి చూశాను. గోడ మునుపటి కంటే తెల్లగా ఉంది. గుమ్మంలోంచి పడే ఏటవాలు ఎండలో, కొత్త పూత కింద నుంచి ఆ గీత నరంలా ఉబ్బి కనిపించింది. ఈసారి అది కప్పు బండ దాకా వెళ్లింది.

బయటకు వచ్చేసరికి పడమర మబ్బు పట్టింది. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. జల్లు ఏటవాలుగా పంచలోకి కొట్టి ఆయన దుప్పటి తడుస్తున్నది. ఆమె మంచం కోడు పట్టుకుని నా వైపు చూసింది.

“లోపలికి ఒక పట్టు పట్టు తమ్ముడూ.”

ఆ కప్పు కిందికి ఆయనను చేర్చడానికి మనసొప్పక నేను మంచం పట్టలేదు. వీధిలోకి పరుగెత్తి, పక్క బజారులో ఆ కుర్రవాడి తలుపు తట్టాను. మా ముగ్గురికీ సైరన్ ఒక్కసారే వినిపించింది: గుమ్మంలో అతనికి, వానలో నాకు, పంచలో మంచం కోడు పట్టుకుని నిలబడ్డ ఆమెకు. అతడు చెప్పులు కూడా వేసుకోకుండా నా వెంట వచ్చాడు. ఆయనను మంచంతో సహా మోసుకుని ఊరి బడి వరండాకు తీసుకువెళ్లాము. దారి పొడవునా తెల్లటి గోడల మీద సున్నం కరిగి కారుతున్నది. కింద ఉన్న బీటలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.