పాడినవి, పాడైనవి

మా ఆయన డేనియల్‌కి తెలియని సంగతి ఈ భూమ్మీద లేదు. బాపట్లలో మా వీధిలో ఎవరి టీవీ ఆగినా, ఎవరి ఫోను మొరాయించినా ఆయనకే కబురు. సగం బాగవుతాయి, సగం షాపుకి పోతాయి. బాగైన సగం గురించే ఆయన చెప్పుకుంటారు.

ఆయన అక్క, మా వదిన రాజమ్మ, రేపల్లెలో ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు లంక ఊళ్ళ బళ్ళలో పాఠాలు చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "నాకు తీరికేదే?" అనేది. ఆ తీరికంతా పాటలకే పోయింది. నాట్లలో, కలుపుల్లో, నూర్పిళ్ళలో కూలి తల్లులు పాడుకునే పాటలు. బడి వదిలాక గట్ల వెంట తిరిగి, వాళ్ళ పక్కన చతికిలబడి రాసుకునేది. చర్చిలో అవి లోకపు పాటలన్నారు, బయట అసలు పాటలే కావన్నారు. వదిన ఎవరి మాటా చెవిన పెట్టలేదు.

ఆమధ్య వచ్చిన వరదకి ఆ నోటుబుక్కులు నాని ముద్దయిపోయాయి. అప్పటికే టైపు చేసేసింది కాబట్టి ఏడవలేదు. "మేడ మీద కంప్యూటర్లో ఉన్నాయిలే" అనుకుంటూ ఇంట్లో బురద కడుక్కుంది. మొత్తం మూడొందల పన్నెండు పాటలు. ఇక కంప్యూటరంటారా, ఆవిడకి తెలిసింది మూడే పనులు: ఆన్ చెయ్యడం, తెలుగు టైపు చెయ్యడం, సేవ్ చెయ్యడం.

పోయిన అక్టోబరులో ఆ తెర మీద ఓ హెచ్చరిక రావడం మొదలైంది. విండోస్ పదికి గడువు తీరిందట, ఇక రక్షణ ఉండదట. వదిన హడలిపోయి తమ్ముడికి ఫోను చేసింది. ఈయనకి పండగే పండగ! మర్నాడే రేపల్లె వెళ్ళాం.

"కొత్తది కొనక్కర్లేదక్కా. విండోస్ తీసేసి దాని బదులు లినక్స్ ఎక్కిస్తాను. వైరస్సుల గొడవుండదు" అన్నారు.

"నా పాటలకి ఏం కాదుగా తమ్ముడూ?"

"ఒక్కటి పోతే నన్నడుగు."

నిజమే, ఒక్కటీ పోలేదు. పాటలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కంప్యూటరంతా తుడిచి, లినక్స్ వేసి, మళ్ళీ వాటిని లోపల పెట్టారు. ఫైళ్ళ పేర్లు లెక్కపెట్టి మరీ చూపించారు. తెరిచి మాత్రం చూడలేదు. బండి టైమైపోతోందని వచ్చేశాం. పాటలు చెరిపేసి ఆ పెన్‌డ్రైవులో మర్నాడే సినిమాలు నింపుకున్నారు మహానుభావుడు.

మూడో రోజు వదిన ఫోను. స్పీకర్లో పెట్టారు, నేనూ విన్నాను.

"ఒరేయ్, నాట్లలో శాంతమ్మ పాడిన పాట తెరిస్తే తెలుగు లేదురా. ఇంగ్లీషు అక్షరాలూ, వాటికి చుక్కలూ తోకలూ ఉన్నాయి."

"ఫైలు పాడైపోయుంటుందక్కా."

"మరేం చెయ్యను?"

ఈయన కళ్ళు క్రికెట్ మీదున్నాయి. "పాడైనవి తీసెయ్. ఉంచితే మిగతావాటికీ అంటుకుంటుంది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసెయ్" అని, ఎక్కడ నొక్కాలో కూడా ఫోన్లోనే చెప్పారు.

మిగతావాటిని కాపాడుకుందామని వదిన మర్నాడు పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక పాట తెరవడం, చుక్కలూ తోకలూ చూడడం, తీసెయ్యడం. తరవాతిదైనా బాగుంటుందేమోనని ఇంకోటి తెరవడం. సాయంత్రానికి మూడొందల పన్నెండూ అయిపోయాయి. ఆ సంగతి నాకు చెబుతూ కూడా తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు పిచ్చిది. కంప్యూటర్నే తిట్టుకుంది.

తెనాలిలో బసవేశ్వరరావుగారని, ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకి పేజీలు కట్టే పెద్దమనిషి ఉన్నారు. వదిన తన పాటల్ని పుస్తకంగా వేసే పని ఆయనకే అప్పజెప్పింది. ఇక పుస్తకం లేదని ఎదురుగా చెప్పొద్దామని వదిన బయల్దేరింది. నేను తోడు వెళ్ళాను.

"ఫైళ్ళన్నీ పాడైపోయాయండి" అంది వదిన.

"పాడవడమంటే? ఎలా కనబడ్డాయమ్మా?"

వదిన చెప్పింది. ఆయన తన కంప్యూటరు వైపు తిరిగారు. పుస్తకం పేజీ ఎలా వస్తుందో చూడ్డానికి ఆర్నెల్ల క్రితం ఆయన రేపల్లె వచ్చి వదిన కంప్యూటర్లోంచి మొదటి ఫైలొకటి తీసుకున్నారు. దాన్ని తెరిచారు. చక్కటి తెలుగు. ఏదో నొక్కారు. తెలుగు పోయి చుక్కలూ తోకలూ వచ్చాయి.

"ఇలాగేనా?"

"ఇలాగేనండి."

మళ్ళీ నొక్కారు. తెలుగు వచ్చేసింది.

"అవి పాడవలేదమ్మా. మనం ఇన్నాళ్ళూ టైపు చేసిన తెలుగు ఇంతే. లోపలుండేవి ఇంగ్లీషు అక్షరాలే, పాత ఫాంటు వాటిని తెలుగులా చూపిస్తుంది. మీ కొత్త సిస్టంలో ఆ ఫాంటు లేదు, అంతే. ఫైళ్ళు పట్రండి, గంటలో..." అంటూ వదిన మొహం చూసి ఆగిపోయారు.

"తీసేశానండి. నా చేత్తోనే తీసేశాను" అంది వదిన.

అసలెందుకు వెళ్ళానా అనిపించింది నాకు. పాడైపోయాయన్న బాధైతే ఎలాగో మింగేది. ఇదెలా మింగుతుంది?

ఇంటికొచ్చి మా ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. వదిన కంప్యూటరు మా ఇంటికి తెప్పించారు. పాటలుండిన డిస్కు ఊడదీసి ఎక్కడెక్కడో చూపించారు. ఏమీ రాలేదు. వదిన రోజుల తరబడి తల బద్దలుకొట్టుకుంటే గుర్తొచ్చినవి పద్నాలుగు పాటలు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం రేపల్లె వెళ్ళాం. "తప్పయిపోయిందక్కా, క్షమించు" అని ఈయన తలొంచుకుని కూర్చున్నారు. వదిన లోపలికెళ్ళి, బసవేశ్వరరావుగారు ప్రింటు తీసిచ్చిన ఆ మొదటి ఫైలు కాగితాలు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. అందులో పాటలు లేవు. పాడినవాళ్ళ పేర్లూ, ఊళ్ళూ ఉన్నాయి. ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఆరుగురు పోయారు. ఉన్న ఇద్దరిలో ఒకావిడకి కన్నకూతురి పేరే గుర్తు లేదు.

"పైకి చదవరా" అంది వదిన.

ఈయన మొదలుపెట్టారు. నాలుగో పేరు దగ్గర ఆగి కాగితాలు మడవబోయారు.

"ఆగకు. పేరు చదివి, ఆవిడేం పాడిందో కూడా చెప్పు."