కెర్నల్ లేని పెట్టె మోగిన రోజు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది చదివి ఎవరైనా నా దగ్గరికొచ్చి "మా ఇంట్ల గూడ ఒకటి తిరుగుతది మేడం" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ముందే చెప్తున్నాను.

మా నాన్న బొగ్గు బాయిలో పనిచేశాడు. రోజూ చీకట్లోకి దిగి పైకొచ్చే మనిషి. ఇంట్లో ఎవరైనా దయ్యం మాట ఎత్తితే "కింద గ్యాస్ ఉంటది, నీళ్లుంటయి, పైకప్పు కూలుతది. ఇంక దయ్యానికి జాగేది?" అనేవాడు. నేనూ ఆ తర్కంతోనే పెరిగాను. ఇప్పటికీ అదే తర్కం. ఒక్క మధ్యాహ్నం మాత్రం అందులో ఇమడటం లేదు.

నేను ఖమ్మంలో ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుని. వాగుల దగ్గర వరద హెచ్చరిక పెట్టెలు పెట్టడం మా పని. ఎగువన వంతెనకు కట్టిన సెన్సరు నీటి మట్టం కొలిచి రేడియోలో పంపుతుంది. దిగువన వాగొడ్డు షెడ్డులో ఉన్న మా పెట్టె దాన్ని అందుకుని, నీళ్లు పెరుగుతుంటే సైరన్ మోగిస్తుంది. పెట్టె లోపల అరచేతంత కంప్యూటర్ బోర్డు, దానికో చిన్న మెమరీ కార్డు ఉంటాయి. ప్రోగ్రాములన్నీ కార్డులోనే. కార్డు తీసేస్తే అది ఉత్త రేకు డబ్బా.

అలాంటి పెట్టె ఒకటి పినపాక అవతల, అడవి అంచున ఉన్న మా అన్న వాళ్ల ఊళ్లో ఉంది. అన్న అక్కడ పొలం కౌలుకు తీసుకుని పత్తి వేస్తాడు. పొలం వాగుకు అవతల. మా వదిన స్వరూప రోజూ ఆడవాళ్లను వెంటేసుకుని వాగు దాటి కలుపు తీయడానికి పోతుంది. ఊళ్లో ఎండ కాస్తుండగానే గుట్టల మీద కురిసిన వాన వాగులోకి దిగిపోతుంది. పూర్వం ఒకరు గట్టు మీద కాపలా ఉండేవాళ్లు. సైరన్ వచ్చాక కాపలా మానేశారు.

ఆ సైరన్ గురించి ఒక సంగతి చెప్పాలి. పెట్టె పెట్టిన రోజు దాన్ని ఒక్కసారి మోగించి చూపించాను. షెడ్డు చూసుకునే ముత్తయ్య తాత అడ్డంగా తల ఊపాడు.

"ఒక్క కూతకు మావోళ్లు లేవరు బిడ్డా. అడివిల ఒక్కపాలి పిలిస్తే పలకొద్దంటరు. మూడుపాల్లు పిలిస్తేనే మనిషని లెక్క."

నాకు నవ్వొచ్చింది. అయినా వాళ్లు లేవకపోతే సైరన్ ఉండి ఏం లాభం? మూడుసార్లు, మధ్యలో ఊపిరి తీసుకున్నంత విరామంతో మోగేలా ప్రోగ్రాం రాశాను. మా పెట్టెల్లో మరెక్కడా అలా లేదు.

వానాకాలం మధ్యలో పిడుగుకు ఆ బోర్డు మాడిపోయింది. అదే రకం బోర్డు ఇప్పుడు దొరకడం లేదు. కొత్తది వేరే ప్రాసెసర్‌తో వస్తోంది. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

కెర్నల్ అంటే యంత్రంలో అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రాం. అది లేస్తేనే రేడియో, సైరన్ ఏవైనా పనిచేసేది. దాన్ని తయారుచేసే ముందు అది మనల్ని వందల ప్రశ్నలు అడుగుతుంది. ఈ చిప్పు ఉందా? ఈ పోర్టు ఉందా? ఈ రేడియో కావాలా? అవునో కాదో చెప్పాలి. ఒక ప్రాసెసర్‌కు సరిపోయే జవాబులు ఇంకోదానికి పనికిరావు. పాత జవాబులు దగ్గర పెట్టుకుని కొత్త ప్రశ్నలకు మాత్రమే జవాబిచ్చే సదుపాయం ఉంది. అక్కడ మా వాళ్లందరికీ ఒక పాడు అలవాటు. ప్రశ్న చదవకుండా ఎంటర్ నొక్కుకుంటూ పోతారు. ఊరికే ఎంటర్ కొడితే చాలా ప్రశ్నలకు "కాదు" అనే పడుతుంది.

ఈసారి కెర్నల్ తయారుచేసింది మా ఆఫీసులో పనిచేసే నవీన్. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎంటర్ కొట్టుకుంటూ పోయాడు. ఆ సంగతి నాకు వాగొడ్డున తెలిసింది.

నేను షెడ్డుకు చేరేసరికి వదిన వాళ్లు వాగులో దిగబోతున్నారు. మోకాటి లోతు కూడా లేవు నీళ్లు.

"పెట్టె ఇంకా పెట్టలే వదినా, జర ఆగరాదు" అన్నాను.

"మేం ఆగితే కలుపు ఆగుతదా? వాన పడ్డంక అది అచ్చం నీ లెక్కనే, ఎవ్వరి మాట ఇనదు" అని నవ్వింది. "అయినా నువ్వున్నవ్ కద, మాకేంది!"

ఆ మాట అని దాటిపోయింది. ఆపి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను, కానీ మా వదినను ఆపడం మా అన్న వల్లే కాదు.

పని మొదలుపెట్టే ముందు సైరన్‌కు పోయే తీగ ఊడదీసి పక్కన పెట్టాను. ఇది మా పద్ధతి. పరీక్షలో పొరపాటున మోగితే జనం ఉత్తుత్తినే పరుగెత్తుతారు, రెండోసారి నమ్మరు. తీగ తీశాక ఫోన్లో ఫొటో కూడా తీశాను. ప్రతి పెట్టెకూ తీస్తాను. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది.

కొత్త బోర్డు బిగించి కరెంటు ఇచ్చాను. కెర్నల్ మొదలవుతోందని ల్యాప్‌టాప్ మీద ఒక లైను వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. మళ్లీ ఇచ్చాను. మళ్లీ అంతే. నవీన్‌కు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. వాడు చేసిన పని నా ల్యాప్‌టాప్‌లో ఉంది కాబట్టి తెరిచి చూశాను. కొత్త ప్రాసెసర్ ఉందా అన్న ప్రశ్నకే "కాదు" అని ఉంది. తానున్న చిప్పునే ఎరగని కెర్నల్ ఇంకేం లేస్తుంది? వాణ్ని అక్కడే నోటికొచ్చినట్టు తిట్టాను. తాత నవ్వాడు.

జవాబులు దిద్ది కెర్నల్‌ను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాను. ఆఫీసు యంత్రం మీదైతే చిటికెలో పని. నా ల్యాప్‌టాప్ మీద బాగా ఆలస్యం. షెడ్డులో కరెంటు లేదు. పెట్టెకున్న సోలార్ బ్యాటరీతో ల్యాప్‌టాప్ నడవదు. దాని సొంత బ్యాటరీ సగం అయిపోయింది. మెమరీ కార్డు పెట్టెలోంచి తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని స్క్రీన్ చూస్తున్నాను. ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి.

మా వైపు ఎండ పెళపెళలాడుతోంది. గుట్టల మీద మాత్రం నల్లగా ఉంది.

కాసేపటికి నాకు కుదురు పోయింది. కాలుగాలిన పిల్లిలా షెడ్డు లోపలికీ బయటికీ తిరిగాను. వదిన మాటే గుర్తొస్తోంది. ఎగువన సెన్సరు నీటి మట్టం పంపుతూనే ఉంటుంది, వినాల్సిన పెట్టె మాత్రం ఇక్కడ చచ్చిపడి ఉంది. తాతను పోయి నీళ్లు చూసి రమ్మన్నాను. మళ్లీ స్క్రీన్ ముందు కూర్చున్నాను.

ఆయన తిరిగొచ్చినప్పుడు మొహంలో నవ్వు లేదు.

"నీళ్లు ఎర్రబడ్డయి బిడ్డా. ఆకు, పుల్ల కొట్టుకొస్తంది. వాళ్లను పిలువాలె."

ఒడ్డున నిలబడి అరిస్తే పొలానికి వినబడదు. మధ్యలో వాగు మలుపు, చెట్లు. దాటి పోవాల్సిందే. లేచాను. చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాను.

సైరన్ మోగింది.

ఒకసారి. ఆగింది. రెండోసారి. ఆగింది. మూడోసారి.

షెడ్డు రేకులు అదిరాయి. తాత రెండు చెవులూ మూసుకున్నాడు. నేను పెట్టె వైపు చూశాను. ఒక్క దీపం కూడా వెలగడం లేదు. కార్డు నా ల్యాప్‌టాప్‌లో ఉంది. సైరన్ తీగ నేను ఊడదీసి పెట్టిన చోటే, బల్ల అంచున వేలాడుతోంది.

ఆలోచించే టైము కాదది. పరుగెత్తాను.

నేను ఒడ్డుకు చేరేసరికి ఆడవాళ్లు వాగు మధ్యలో ఉన్నారు! ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా దాటుతున్నారు. నీళ్లు నడుము దాకా వచ్చాయి. చివర వదిన. అందరినీ ముందు పంపి తాను వెనక నిలబడింది. ఎగువ నుంచి మోత వినబడుతోంది, రాళ్లు దొర్లుతున్న మోత. నేను దిగి ముందున్న లచ్చమ్మ చెయ్యి అందుకున్నాను. లచ్చమ్మ మా వదిన వాళ్ల పక్కింటి ఆవిడ. తాత నా నడుము పట్టుకున్నాడు. ఒక్కొక్కరినే లాగాం. వదిన కాలు జారింది. తల ఒక్కసారి నీళ్లలో మునిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. లచ్చమ్మే మళ్లీ వంగి వదిన జుట్టు దొరకబుచ్చుకుంది. వదిన ఒడ్డెక్కి బోర్లా పడి దగ్గుతుండగానే వాగు వచ్చింది. వాళ్లు నడిచిన చోట చెట్లు తేలుతూ పోయాయి.

నేను అప్పుడు ఏడ్చాను. వదిన మీద పడి, ఆమె ఊపిరాడక నెట్టేదాకా ఏడ్చాను.

కాస్త తేరుకున్నాక వదిన నన్నే తిట్టింది. "గట్ల గొంతు చించుకుంటే గుండె ఆగిపోదానే? ఏమైందో ఏమోనని పారలు గూడ ఆడ్నే పడేసి ఉరికొచ్చినం."

"నేనెక్కడ పిలిచిన వదినా? సైరన్ కద మోగింది!"

"సైరనా? ఏం సైరన్?"

నేను లచ్చమ్మ వైపు చూశాను.

"సైరన్ గియిరన్ ఏం లేదు. నువ్వే పిలిచినవ్. 'వదినా, జల్ది రా' అని. ఒక్కపాలి అంటే మేం ఊకున్నం. మూడుపాల్లు అన్నవ్. గప్పుడు లేచినం" అంది.

మిగతా వాళ్లను విడివిడిగా అడిగాను. అందరిదీ ఒకటే మాట. ఒక్కరూ సైరన్ వినలేదు. ముత్తయ్య తాతేమో నా గొంతు వినలేదు, సైరన్ విన్నాడు. నేనూ అంతే. ఊళ్లో అడిగితే ఏ శబ్దమూ వినలేదన్నారు. ఆ సైరన్ ఊరంతా వినబడేది.

ఇంకొకటి కూడా ఉంది. సైరన్ మోగాక నేను పరుగెత్తింది నాలుగు అడుగుల దూరం. పొలం నుంచి వాగుకు రావాలంటే వాళ్లకు చాలాసేపు పడుతుంది. అంటే సైరన్ మోగకముందే వాళ్లు బయలుదేరారు. ఆ సమయంలో నేను స్టూలు మీద కూర్చుని స్క్రీన్ చూస్తున్నాను. నోరు కూడా తెరవలేదు.

ఇంజనీరుని కాబట్టి ఊరుకోలేదు. ఆ పెట్టెను, సైరన్‌ను ఆఫీసుకు తెచ్చి ఏ ముక్కకా ముక్క విప్పాను. తీగ కలపకుండా మోగించడానికి నాకు తెలిసిన ప్రయత్నమల్లా చేశాను. మోగలేదు. నవీన్ "ఎక్కడో చార్జ్ మిగిలుంటదక్కా" అన్నాడు. మిగిలిన చార్జ్ ఒకసారి కీచుమనవచ్చు. ఊపిరి తీసుకుని మూడుసార్లు మోగుతుందా? ఎంటర్ కొట్టినందుకు వాడు చాలా రోజులు నా మొహం చూడలేదు.

దిద్దిన కెర్నల్‌తో పెట్టె మళ్లీ పెట్టాం. బాగా పనిచేస్తోంది. కానీ నన్ను వణికించిన సంగతి ఆ తర్వాత జరిగింది. వానలు వెనకబట్టాక ఒకరోజు వాగు కొంచెం పెరిగి సైరన్ మోగింది. నిజం సైరన్, ఊరంతా విన్నది. వదిన వాళ్లు పొలంలోంచి కదలలేదు. నీళ్లు మోకాలు దాటలేదు కాబట్టి సరిపోయింది. ఫోన్లో నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"నువ్వు పిలువలే కద" అంది వదిన, చాలా మామూలుగా.

ఆ పిలుపు నాది కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినదు. మళ్లీ వస్తుందని నేను ఎట్లా మాటివ్వను? ఎవరిదో తెలియని పిలుపు కోసం వాళ్లు నీళ్లు వచ్చేదాకా కూర్చుంటే? నాకు నిద్ర పట్టలేదు.

చివరికి నాకు తోచింది చేశాను. కెర్నల్ ప్రశ్నల్లో శబ్దం కావాలా అన్నదానికి మేం ఎప్పుడూ "కాదు" అనే పెట్టేవాళ్లం, పెట్టెకు పాటలతో పనేముంది? దాన్ని "అవును" చేశాను. ఈసారి ప్రతి ప్రశ్నా చదివాను. స్పీకరు తగిలించాను. "వదినా, జల్ది రా" అని నా గొంతుతో మూడుసార్లు రికార్డు చేశాను. సైరన్ తర్వాత ఆ మాట వాగు అవతలి దాకా వినబడేలా పెట్టాను.

పరీక్ష రోజు వదినను పొలంలో నిలబెట్టి మోగించాను. మెల్లగా వాగు దాటి వచ్చింది. ఇక మీదట సైరన్‌కైనా దీనికైనా లేస్తామని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పింది. ఆ మాట నిలబెట్టుకుంటోంది కూడా.

"అయితే ఆ రోజు పిలిచింది గిట్లనే ఉండెనా?" అని అడిగాను.

"గొంతు నీదే" అంది. "కని గిట్ల లేదు. ఆ రోజు నువ్వు ఏడ్సుకుంట పిలిచినవ్, రజితా."

నేను ఆ రోజు ఏడ్చింది వదిన ఒడ్డెక్కిన తర్వాత. అంతకుముందు కాదు. వాళ్లు విన్నది ఏమిటో, నాకూ తాతకూ వినబడింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.