ఏనుగుకి పీట

మా అత్తయ్య క్రోషియా అల్లితే గుండ్రటి ముక్క చాప పరిచినట్టు బల్లకి అంటుకుని ఉండాలి. అంచు ఏ కాస్త పైకి లేచినా ఆవిడకి పడదు. పెళ్లయిన కొత్తలో నేను టీవీ మీదకి అల్లిన గుడ్డ చూసి, "ఏటే ఇది, గిన్నెనాగుంది? పులుసు పోసుకుంటావేటి? సూది ఇటియ్యి, నీ వల్ల కాదు" అంది. నాకు ఒళ్లు మండి సూది ఇవ్వలేదు సరికదా, అటకెక్కించేశాను.

రాజాంలో మాది ఫ్యాన్సీ షాపు. గాజులు, బొత్తాలు, ఊలు దారాలు అమ్ముతాం. అత్తయ్య గల్లాపెట్టె పక్కన కూర్చుని అల్లుతూనే బేరాలు తెగ్గొట్టేది. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట, నడక తిరిగొచ్చాయి గానీ ఆ వేళ్లు మాత్రం ముడుచుకునే ఉండిపోయాయి. వేళ్లకి పని పెట్టకపోతే అలాగే బిగుసుకుపోతాయని, రోజూ బంతి పిసకాలని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాడు. రబ్బరు బంతి తెచ్చి చేతిలో పెడితే ఎడమచేత్తో తీసి గుమ్మం అవతలకి విసిరేసింది.

"నానేటి, పసిపిల్లనా?"

బతిమాలాను, తిట్టాను, మా ఆయన చేత చెప్పించాను. ఊహూఁ. ఎంత నోరుండి ఏం లాభం, ఆవిడ మొండితనం ముందు నాది ఎందుకూ కొరగాలేదు. ఆ చెయ్యి ఇక రాదేమోనని నాకు లోపల ఒకటే బెంగ.

అంతలో మా అమ్మాయి ఫోనులో ఊలు ఏనుగుని చూసి అలాంటిదే కావాలని పేచీ పెట్టింది. షాపులో దారానికి కరువా? అటక మీది సూది దించాను. తలకి బంతి కావాలి. వీడియోలో గుండ్రంగా అల్లుకుంటూ వెళ్లి ఒకచోట కుట్లు పెంచడం ఆపేశారు. అంచు పైకి లేచి గిన్నె అయింది. నాకు నవ్వాగలేదు. అత్తయ్య మంచం దగ్గరికి పట్టుకెళ్లి చూపించాను.

"సూడండత్తయ్యా, గిన్నెనాగే సెయ్యాలంట. నాకీ ఇద్దె ఎప్పుడో వచ్చు."

ఆవిడ మూతి తిప్పుకుంది గానీ చూడడం మానలేదు. ఇక కావాలనే ఆ మంచం పక్కనే కూర్చుని అల్లడం మొదలుపెట్టాను. కాళ్లకి గొట్టాలు, తొండానికి గరాటులాంటి ముక్క. ప్రతిదీ ఎడమచేత్తో నొక్కి చూసేది. దూది చాలలేదనేది, ఒక కాలు పొట్టిదనేది. నేను దెబ్బలాడేదాన్ని, మళ్లీ చేసేదాన్ని. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో అలాగే పడి ఉండేది.

తీరా ఏనుగు తయారయ్యాక తొండం బరువుకి ముందుకి బోర్లా పడింది. తొండం కింద ఆనించడానికి పీట కావాలంది మా అమ్మాయి. సరే, నలుపలకల ముక్కలు ఆరు అల్లాను. పెట్టెలా కలిపి కుట్టేముందు అత్తయ్య ఒళ్లో పెట్టాను.

"దీనికో మూల వంకర. ఇప్పీ."

"ఏనుగు కిందకి ఎల్లిపోతాది, ఎవులికి కనపడతాదత్తయ్యా?"

"నాకు కనపడతన్నాది."

ఒళ్లు మండింది. నేను విప్పను పొమ్మని, కుక్కరు కూత వేస్తే వంటింట్లోకి వెళ్లిపోయాను. ఒంటిచేత్తో అల్లిక విప్పడం ఎవరికీ కుదరదు. తిరిగొచ్చి చూద్దును కదా, అత్తయ్య ముక్కని ఎడమచేత్తో పొట్టకి అదిమి పట్టుకుంది. దారం కొస కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన ఉంది. లాగుతోంది. జారిపోతోంది. తిట్టుకుంటూ మళ్లీ దొరకబుచ్చుకుంటోంది. గుమ్మంలోనే నిలబడి చూశాను.

"అలాగ సూస్తావేటి? దారం సుట్టు."

కూర్చుని ఉండ చుట్టాను. ఆ ముక్క అయిపోయాక ఇంకోటి తీసింది. అందులో ఏ వంకరా లేదు. ఆ దారం కూడా ఉండ చుట్టాను.

ఏనుగు ఇప్పటికీ గోడకి ఆనుకునే ఉంది. నేను పీట అల్లుతున్నాను, ఆవిడ విప్పుతోంది. నిన్న విప్పుతూ విప్పుతూ ఆగి నావైపు చూసింది.

"సూది ఇటియ్యి, నీ వల్ల కాదు."

తెచ్చి ఆవిడ కుడిచేతిలో పెట్టాను.