గోడ మీది మసి

తొంభైల నాటి మాట. మెట్టుగూడలో మా దూది పరుపుల దుకాణం కాలిపోయింది. నా బీడీ వల్లేనని మా అన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఒకరోజు యూనివర్సిటీ దగ్గర బస్సెక్కితే, పక్క సీట్లోని పెద్దాయన నా మసి చేతులు చూసి ఏమైందని అడిగాడు.

"హోలీకి కాముని మంట పెడదామంటే కట్టెలు దొరకలే సార్, దుకాణమే పెట్టినం," అన్నాను.

ఆయన నవ్వలేదు. కాలిన ఇళ్లను పరీక్షించడమే తన పని అన్నాడు. నా బీడీ సంగతి చెప్పాను. "బీడీ ఎక్కడ పడేశారు?"

"గుమ్మం కాడ. గాడనే అంత బూడిదైంది."

"గాలి తగిలేచోట ఎక్కువ కాలుతుందండీ. మంట అక్కడే పుట్టిందని చెప్పలేం. గోడ మీద మసి కింద సన్నగా, పైకి వెడల్పుగా ఎక్కడుందో చూడండి, మంట పుట్టేది అక్కడే. చూడకుండా తప్పు ఒప్పుకోకండి."

తార్నాకలో దిగిపోయాడు.

నేను నేరుగా దుకాణానికి వెళ్లాను. మసి స్విచ్‌బోర్డు దగ్గర సన్నగా మొదలై పైకప్పు దాకా విచ్చుకుంది. ఆ బోర్డు అన్న తన చేత్తో బిగించినదే.

అన్నకు చెప్పలేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో చుట్టాలు, "వీనికి అగ్గిపెట్టె ఇయ్యకుండ్రి" అంటారు. అందరికంటే ముందు నేనే నవ్వుతాను. ఆ పెద్దాయనకైనా చెబుదామని కొన్నాళ్లు అదే బస్సెక్కాను. మళ్లీ కనిపించలేదు.